సొరుగు గదికి గడప

బండ్ల బాడీ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను తరచు అడిగే ప్రశ్న ఒకటే. ఏ ప్లైవుడ్ మంచిది, ఏ సీలెంట్ నిలుస్తుంది? ఆ సంగతి దుకాణంవాడు చెప్తాడు. తప్పులు ఎక్కడ చేశావని నన్నెవరూ అడగరు. నేను చెప్పగలిగింది ముఖ్యంగా అదే.

మన పెద్దవాళ్ళు రంగూన్ అనే యాంగన్‌లో నలభై ఏళ్ళకి దగ్గరగా బస్సులకీ, వ్యాన్లకీ, ట్రెయిలర్లకీ బాడీలు కట్టాను. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడరేవులో మూటలు మోయడానికి వచ్చాడు. మా నాన్న పడవలకి వడ్రంగం చేశాడు. నేను చక్రాల మీద నడిచేవాటికి చేశాను. మా ఇంట్లో ఎవరూ కదలకుండా ఒకచోట ఉండే వస్తువు మీద పని చేసిన పాపాన పోలేదు. కదిలే వస్తువుకి నేల వేయడం ఇంటికి నేల వేయడంలాంటిది కాదు. ఈ ఒక్క మాట నాకు ఎంత బాగా తెలుసో, అవసరమైన రోజున అంత బాగా మరిచిపోయాను. ఆ కథే ఇది.

ఊ సాన్ నేర్పినవి రెండు

నాకు పని నేర్పిన ఓనరు పేరు ఊ సాన్. మెచ్చుకోవడంలో ఆయనంత పిసినారిని నేను చూడలేదు. నీళ్ళ విషయంలో మాత్రం ఆయన లెక్క తప్పడం కూడా చూడలేదు. నేల మెత్తబడిన బస్సు వస్తే మేము ఉలీ రంపం పట్టుకుని పరుగెత్తేవాళ్ళం. ఆయన అడ్డుపడి, స్టూలు వేసుకుని ఆ బస్సులో ఒక్కడే కూర్చునేవాడు. వానాకాలమైతే వాన పడేదాకా, లేకపోతే పైన ఎవరిచేతైనా పైపుతో నీళ్ళు కొట్టించుకుని, టీ తాగుతూ గంటసేపు చూసేవాడు. నీళ్ళు కనబడినచోట పుట్టవనీ, ఎక్కడో దూరి ఎక్కడో తేలతాయనీ, తేలినచోట మరమ్మతు చేసేవాడు జీవితాంతం మరమ్మతే చేస్తాడనీ అనేవాడు.

బర్మా భాషలో కలపనీ థిత్ అంటారు, కొత్తనీ థిత్ అంటారు. "ఊ అప్పా, కలప వేస్తే కొత్తదైపోతుందని నీకు ఈ మాట చెప్పిందేమో" అని నన్ను ఏడిపించేవాడు. ఊ అంటే అక్కడ మన గారు లాంటిది. అప్పారావు అనే నా పేరు అక్కడ ఊ అప్పాగా స్థిరపడింది.

ఊ సాన్ దగ్గర చెడ్డది కూడా ఒకటి ఉండేది. పనివాడిని తిట్టాలంటే ఖాతాదారు ఎదురుగానే తిట్టేవాడు. తప్పు ఎవరిదో అక్కడికక్కడ తేలిపోతే ఖాతాదారుకి తృప్తిగా ఉంటుందని ఆయన నమ్మకం. నేను ఆయన దగ్గర రెండూ నేర్చుకున్నాను. రెండోది త్వరగా వచ్చింది.

రవణమ్మక్క బండి

యాంగన్‌లోనే లమ్మడా పేటలో మా తెలుగువాళ్ళకి బాగా తెలిసిన కళ్ళజోళ్ళ షాపు రవణమ్మక్కది. భర్త పోయాక షాపు మేనల్లుడికి అప్పగించి, ఆవిడ ఒక పాత క్యాంపర్ ట్రెయిలరు కొంది. ఏదో గని దగ్గర విదేశీ ఇంజనీరు కాపురం ఉన్న బండి అది. దాన్ని ఒక జీపుకి తగిలించుకుని, నదికి అవతల దలా, ట్వంటే వైపు ఊళ్ళకి వెళ్ళి, అక్కడివాళ్ళకి కళ్ళు పరీక్ష చేసి అద్దాలు ఇచ్చేది. కుండలు చేసే ఆడవాళ్ళు, వలలు అల్లేవాళ్ళు, నాట్లు వేసేవాళ్ళు. చూపు తగ్గితే పని మానేసి ఇంట్లో కూర్చునేవాళ్ళే తప్ప, దానికోసం పడవెక్కి యాంగన్ వచ్చేవాళ్ళు కారు.

ఆ ట్రెయిలరుకి ఒక పక్క గోడ సొరుగులాగా బయటికి జరుగుతుంది. మీట నొక్కితే నేలా గోడలూ పైకప్పూ అన్నీ కలిసిన ఒక చిన్న గది బయటికి వస్తుంది. ప్రయాణంలో మళ్ళీ లోపలికి తోసేస్తారు. మేము దాన్ని సొరుగు గది అనేవాళ్ళం. రవణమ్మక్క పనంతా దాని మీదే నడిచేది. గది బయటికి వస్తేనే అక్షరాల అట్టకీ, రోగి కూర్చునే కుర్చీకీ మధ్య కావలసినంత దూరం దొరుకుతుంది. రాకపోతే చూపు పరీక్షే లేదు.

ఒక వానాకాలం చివర ఆవిడ బండిని మా వర్క్‌షాపుకి తెచ్చింది.

"ఏటి అప్పారావూ, నా సొరుగు మెత్తబడిపోనాది. మూలన కాలెడితే దిగిపోతన్నాది. నాను ట్వంటే ఎల్లేదెలగ?"

అప్పటికి ఊ సాన్ పోయి, షాపు నా చేతికి వచ్చింది. స్క్రూడ్రైవరు మొనతో నేల పొడిచి చూశాను. రెండు జానల మేర, తడిసిన బిస్కట్టులోకి దిగినట్టు దిగింది. ఆ మూల సరిగ్గా రబ్బరు పట్టీ పక్కనే ఉంది. సొరుగు గది గోడలోంచి బయటికి జరిగే చోట వాననీళ్ళు దూరకుండా చుట్టూ ఒక రబ్బరు పట్టీ ఉంటుంది. పాత పట్టీ బీటలు తీసి ఉంది. ఇంకేం కావాలి? ఊ సాన్ స్టూలు అక్కడే ఒక మూల పడి ఉంది, నేను దాని మీద కూర్చోలేదు.

కుళ్ళిన చెక్క కోసి తీసేశాం. అందులో పొరల మధ్య అక్కడక్కడ పచ్చగా ఉంది. పాత జిగురు కాబోలు అనుకుని చెత్తలో పారేశాను. కొత్త ప్లైవుడ్ వేశాం. రబ్బరు పట్టీ మొత్తం కో టే మార్చాడు.

కో టే గురించి చెప్పాలి. దలా నుంచి రోజూ ఫెర్రీ దాటి వచ్చేవాడు. నాకంటే పదేళ్ళు చిన్న. రబ్బరు, సీలెంట్ పని ఇరవై ఏళ్ళుగా అతనిదే. పట్టీ అతికించాక వేలితో ఆ చివర నుంచి ఈ చివరకి నిమురుతూ వెళ్ళేవాడు, కళ్ళు మూసుకుని. నన్ను సయా అని పిలిచేవాడు. గురువుగారూ అన్నమాట. ఏటా తడింజుత్ దీపాల పండక్కి పళ్ళు పట్టుకుని మా ఇంటికి వచ్చి, నేల మీద కూర్చుని దండం పెట్టి వెళ్ళేవాడు.

ఆ మరమ్మతులో నేను ఒక ముచ్చట తీర్చుకున్నాను. ట్రెయిలరు నేలకీ, సొరుగు గది నేలకీ కలిసేచోట నాలుగు వేళ్ళ ఎత్తు మెట్టు ఉంటుంది. దానిమీద ఒక అల్యూమినియం పట్టీ వంకరపోయి ఉంది. దాన్ని తీసేసి, మా నాన్న దాచిన పాత టేకు ముక్క ఒకటి చిత్రిక పట్టి, అంచులు గుండ్రంగా తీసి బిగించాను. బస్సుల రోజులనుంచి అలాంటి మెట్టుని నేను గడప అనేవాడిని. బర్మావాళ్ళు కూడా అదే మాట పట్టుకున్నారు. కో టే నోట అది గడబ అయ్యేది.

రవణమ్మక్క ఆ టేకు చూసి చేత్తో తడిమింది. "అచ్చం మా అత్తోరింటి గడపలాగున్నాది బావూ" అంది. ఆవిడ కళ్ళు చెమర్చాయి. నాకు గర్వంగా అనిపించింది. ఈ నేల ఇక నేను బతికుండగా కదలదని మాట ఇచ్చాను.

రెండోసారి

ఆరు నెలలు తిరగలేదు. ట్వంటే పక్క ఒక ఊళ్ళో కుండలు చేసే ముసలావిడ కుర్చీ దగ్గరకి నడుస్తూ ఉంటే నేల విరిగి, కాలు చీలమండదాకా దిగిపోయింది. చర్మం గీసుకుపోయింది, ఎముక విరగలేదు. అది అదృష్టం. నేల కుంగడంతో సొరుగు రోలర్లకి పట్టేసి, సగంలో ఇరుక్కుపోయింది. దాన్ని తాళ్ళతో కట్టుకుని రవణమ్మక్క మా దగ్గరకి వచ్చింది.

"నీ మాట నమ్మి నాను ఆ ముసల్దాన్ని ఎక్కించినాను. దాని కాలు ఇరిగుంటే నానేటి సెప్పుకోను? ఇంకోపాలి ఇలగైతే బండి అమ్మీస్తాను. ఆ ఊళ్ళోళ్ళు నన్నింక నమ్మరు."

వర్క్‌షాపులో అందరూ పని ఆపి చూస్తున్నారు. నా మొహం మండిపోయింది. వంగి పొడిచి చూశాను. అదే మూల, అదే రబ్బరు పక్కన. ఎండాకాలమంతా వాన లేదన్న సంగతి నాకు తట్టనే లేదు.

కో టే నాకంటే ముందే మోకాళ్ళ మీద కూర్చుని చూస్తున్నాడు.

"సయా, గడబ దగ్గర లోపలివైపు తడిగా ఉంది. పట్టీ దగ్గర పొడిగానే ఉంది. ఈ తడి ఎక్కడిది?"

నేనూ చూశాను. టేకు గడప మీద పసుపు రాసి ఉంది, కుంకుమ బొట్లు ఉన్నాయి. ఆ ఉదయమే కడిగినట్టుంది. మా ఇంట్లో కూడా మా ఆవిడ ప్రతి పొద్దున్నా చేసేదే. పుట్టినప్పటినుంచి చూస్తున్నాను. నాకు అందులో తడి కనబడలేదు, గడపే కనబడింది.

"అది మా ఆచారం. నీకు తెలియదు. నువ్వు నీ రబ్బరు సంగతి చూసుకో" అన్నాను.

"రబ్బరు బాగానే ఉంది సయా."

అక్కడితో ఆగవలసింది. ఊ సాన్ నేర్పిన రెండోది నోట్లోకి వచ్చేసింది. "నీ చేతిలో పని పోయింది కో టే. కళ్ళు కూడా పోయినట్టున్నాయి. ఎలాగూ అక్క వచ్చింది, ఒక కళ్ళజోడు చేయించుకో" అన్నాను.

అందరూ నవ్వారు. రవణమ్మక్క కూడా నవ్వింది, కోపంలోంచి బయటపడడానికి ఏదో ఒకటి దొరికినట్టు. కో టే నవ్వలేదు. జేబులోంచి రబ్బరు కోసే కత్తి తీసి బల్ల మీద పెట్టాడు. దాని పక్కన నేనిచ్చిన షాపు తాళంచెవి పెట్టాడు. చేతులు కడుక్కుని ఫెర్రీ వైపు వెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

పసుపు

మూడో రోజు నేనే నేల విప్పాను. ముందు రబ్బరు పట్టీ ఊడదీశాను, తప్పు పట్టుకుందామన్న పంతంతో. పట్టీ కింద గాడి ఎముకలాగా ఆరిపోయి ఉంది. అతను సీలెంట్ పూసిన రోజున ఎలా ఉందో అలాగే ఉంది. ఒక్క చుక్క కూడా ఆ దారిన రాలేదు.

తరవాత టేకు గడప విప్పాను. దాని కింద ప్లైవుడ్ అంచు ముద్దగా చేతికి వచ్చింది. లోపలినుంచి మొదలై, నేల వాలు ప్రకారం మూలకి పారి, అక్కడ నిలిచి కుళ్ళబెట్టింది. పొరలు విడదీస్తే ప్రతి పొరా పచ్చగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పసుపు వాసన. మొదటిసారి జిగురనుకుని చెత్తలో పారేసినది కూడా ఇదే.

రవణమ్మక్కకి ఫోను చేసి, రోజూ గడప కడుగుతావా అక్కా అని అడిగాను.

"మరి కడగనేటి? ముందు ఆ రేకు ఉన్నప్పుడు సుక్కురోరం సుక్కురోరం కడిగీదాన్ని. నువ్వు టేకుది ఏసినాక రోజూ సెంబుడు నీళ్ళోసి కడుగుతన్నాను. అంత మంచి గడప ఎట్టి ఉత్తినే వదిలీమంటావేటి?"

ఆవిడ చెప్పింది విన్నాక స్టూలు తెచ్చుకుని ఆ విప్పిన నేల ముందు కూర్చున్నాను. ఆరు నెలలు ఆలస్యంగా కూర్చున్నాను. సిమెంటు ఇంట్లో చెంబుడు నీళ్ళు గడప దాటి వీధిలోకి పోతాయి. ఈ గదికి వీధి లేదు. నీళ్ళు పోవడానికి నేను దారి పెట్టలేదు. పైగా, ఆచారం పాటించేవాళ్ళకి ముచ్చటేసేలా గడప చేసి పెట్టాను. పాత నేల కంటే నేను వేసిన నేల త్వరగా కుళ్ళడానికి కారణం నా పనితనమే. మా గడపల ఆచారం తెలియని కో టే ఒక్క చూపులో తడిని చూశాడు. తెలిసిన నేను చూడలేదు. సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా భయమేసింది, అతను ఇక రాడేమోనని.

దలా

ఆ కుళ్ళిన ముక్క ఒకటి కాగితంలో చుట్టుకుని ఫెర్రీ ఎక్కాను. పెద్దవాడు చిన్నవాడికి దండం పెట్టడం బర్మాలో లేదు, మాలోనూ లేదు. ఏం చేయాలో తెలియక ఆ ముక్కే పట్టుకెళ్ళాను.

కో టే ఇంటి ముందు ఒక పడవ బోర్లించి, అతుకుల్లో తారు కూరుతున్నాడు. నన్ను చూసి లేచి స్టూలు వేశాడు. వాళ్ళావిడ టీ తెచ్చింది. మర్యాదలో లోటు చేయలేదు, అదే నాకు కష్టంగా ఉంది. కాగితం విప్పి అతని చేతికిచ్చాను. అతను వాసన చూశాడు.

"నన్విన్" అన్నాడు. వాళ్ళ భాషలో పసుపు.

"నీ పట్టీ ఆరిపోయి ఉంది కో టే. తప్పు నాది" అన్నాను.

"నాకు తెలుసు సయా. ఆ రోజే చెప్పాను."

"మళ్ళీ పనిలోకి రా."

అతను ముక్కని మళ్ళీ కాగితంలో చుట్టి, నా చేతిలో పెట్టాడు. "ఇది ఇక్కడ నాకు చెప్తే ఏం లాభం? నేను ఇక్కడ నవ్వులపాలు అవ్వలేదు కదా" అన్నాడు.

తిరుగు ఫెర్రీలో ఆ మాటే నన్ను తొలిచేసింది. అతను నవ్వులపాలైన షాపులోనే చెప్పాలంటే రవణమ్మక్క ఎదురుగా చెప్పాలి. చెప్తే ఆవిడ చేత్తో ఆవిడే నేల కుళ్ళబెట్టుకుందని, ముసలావిడ కాలు దిగింది అందుకేనని అందరిలో అన్నట్టవుతుంది. ఒకరి పరువు నిలబెట్టడానికి ఇంకొకరిది తీయాలా? మర్నాటికి నాకు తెలిసింది. ఆవిడది తప్పెలా అవుతుంది? గడప అంటే కడుగుతారు. అక్కడ గడప పెట్టినవాడిది తప్పు.

రవణమ్మక్కని పిలిపించాను. కో టేకి కబురు పెట్టాను, వచ్చాడు, వాకిట్లోనే నిలబడ్డాడు. షాపులో అందరూ ఉండగా ఊడదీసిన పట్టీ చూపించి, గాడి చూపించి, ఇది కో టే పని, ఇందులో వంక లేదు అని చెప్పాను. "ఆ రోజు ఇతను చూసింది నిజం. నేను చూడకుండానే ఇతని కళ్ళని ఎగతాళి చేశాను. నీళ్ళు పోయే దారి లేనిచోట గడప పెట్టింది నేను" అన్నాను. ఎవరూ నవ్వలేదు.

రవణమ్మక్క ఆ కుళ్ళిన పచ్చటి ముక్క తీసుకుని వాసన చూసింది. "అయితే నా సేతి నీళ్ళేనన్నమాట" అంది మెల్లగా. "అమ్మా, ఆ ముసల్ది..." అంది. నేను కాదనబోతే చేత్తో వారించింది. "మరి గడపని కడక్కుండా ఎలగుండను?" అని కో టేని అడిగింది, నన్ను కాదు.

కో టే లోపలికి వచ్చి, తన కత్తి బల్ల మీదనుంచి తీసుకున్నాడు. "మీ వాళ్ళ ఇళ్ళల్లో కొందరు గడబకి పసుపు రంగు పెయింటు వేస్తారు కదా, ఎర్ర చుక్కలతో. అది వేద్దాం. కడగక్కర్లేదు, తడిగుడ్డతో తుడిస్తే చాలు" అన్నాడు. మాకు తెలిసిన ఉపాయం, మాకు తట్టలేదు.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళ కోసం ఆ మరమ్మతు ఎలా చేశామో చెప్తాను. కుళ్ళు కనబడినచోట ఆపకుండా, చెక్క గట్టిగా పొడి శబ్దం ఇచ్చేదాకా కోశాం. మిగిలిన దూలాలని వారంరోజులు ఫ్యాను పెట్టి ఆరబెట్టాం. తొందరపడి తడి మీద కొత్త చెక్క వేస్తే లోపల మూత పెట్టి ఉడకబెట్టినట్టే. పడవలకి వాడే ప్లైవుడ్ వేసి, పైకంటే అంచులకి ఎక్కువ శ్రద్ధగా ఎపాక్సీ మూడుసార్లు పట్టించాం. చెక్క నీళ్ళు తాగేది అంచుల్లోంచే. గడప కింద సన్నటి రేకు మడిచి వాలు పెట్టి, ఎవరైనా మరిచిపోయి నీళ్ళు పోసినా బయటికి కారేలా చిన్న గొట్టం వదిలాం. ఇవన్నీ నేను చేశాను. రబ్బరూ, పెయింటూ కో టే చేశాడు. ఎర్ర చుక్కలు అగ్గిపుల్లతో పెట్టాడు.

పని అయిపోయాక అతను కత్తి జేబులో వేసుకున్నాడు. తాళంచెవి బల్ల మీదే ఉంచాడు. మేము మళ్ళీ కలిసి పని చేయలేదు. ఇప్పుడు దలాలోనే పడవలు బాగుచేసుకుంటున్నాడు. తడింజుత్‌కి ఇప్పటికీ పళ్ళు తెస్తాడు, దండం పెడతాడు. నా ఆరోగ్యం అడుగుతాడు. పని మాట ఎత్తడు, నేనూ ఎత్తను.

చూపు

షాపు వదిలేశాక ఈ మధ్య నాకు పేపరు చదవడం కష్టమైంది. రవణమ్మక్క బండి దలా ఒడ్డున ఉందని తెలిసి ఫెర్రీ దాటి వెళ్ళాను. చెప్పులు విప్పి లోపలికి ఎక్కి, గడప దాటి సొరుగు గదిలో కుర్చీలో కూర్చున్నాను. కాలి కింద నేల గట్టిగా ఉంది. ఆవిడ అక్షరాల అట్ట దగ్గర పుల్ల పట్టుకుని నిలబడింది.

"ఏటి అప్పారావూ, ఇటు సూడమంటే కిందకి సూస్తావేటి?"

"గడప తడిగా ఉందేమో చూస్తున్నానక్కా."

పసుపు రంగు పెయింటు ఎక్కడా పెచ్చు లేవలేదు. మూల దగ్గర రబ్బరు పట్టీ బిగువు తగ్గలేదు. నేను తల ఎత్తి అట్ట చదివాను. పై మూడు వరుసలు దాటి ఏమీ కనబడలేదు. ఆవిడ ఫ్రేములో ఒక్కొక్క అద్దం మార్చి పెడుతూ, అడుగు వరుస చదివించేదాకా ఊరుకోలేదు. తరవాత ఫ్రేము నా ముక్కు మీద సరిచేసి, నవ్వుతూనే అంది.

"కో టేని కళ్ళజోడెట్టుకోమన్నావు సూడు, ఇది నీకు ఆ రోజే ఎట్టీవలసింది."